పైకి వెళ్లేది అందరం చూస్తాం

(జాతీయ అంతరిక్ష దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, పిల్లలకు, వెనక వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. నాకిచ్చిన అంశం ‘భారత అంతరిక్ష విజయాలు’. ఆహ్వాన పత్రికలో అలాగే అచ్చయింది. ఆ విజయాల పట్టిక మీకందరికీ నోటికి వచ్చు. పొద్దున వక్తృత్వ పోటీలో ఏడుగురు పిల్లలు అదే చెప్పారట. ఎనిమిదో వాడిగా నేనూ అదే చెబితే నాకు బహుమతి రాదు. (నవ్వులు) అందుకని పైకి వెళ్లిన వాటిని కాసేపు పక్కన పెట్టి, కిందికి వచ్చిన వాటి గురించి మాట్లాడతాను.

నా జీవితంలో మొదట కిందికి వచ్చింది మన దేశానిది కాదు. 1979లో నాకు పదేళ్లు. మాది నాయుడుపేట దగ్గర ఒక పల్లె. ఆ ఏడాది జూన్, జూలై నెలల్లో ఊళ్లో ఒకటే మాట, స్కైలాబ్ పడుతుందని. అది అమెరికా వాళ్లు 1973లో పంపిన అంతరిక్ష ప్రయోగశాల. బరువు సుమారు 77 టన్నులు. సూర్యుడి మీద అలజడి ఎక్కువైనప్పుడు మన వాతావరణం పై పొరలు వేడెక్కి ఉబ్బుతాయి. ఆ పలచటి గాలి రాపిడికే స్కైలాబ్ కక్ష్య కుంగుతూ వచ్చింది. ఎక్కడ పడుతుందో పంపినవాళ్లు కూడా కచ్చితంగా చెప్పలేకపోయారు. ఇదంతా నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఇల్లంత ఇనుము ఆకాశంలోంచి ఊడిపడబోతోందని, అది మా ఊరి మీదే పడుతుందని. భూమి మీద ఇంత చోటుండగా మా ఊరే ఎందుకని ఒక్కరూ అడగలేదు.

తెలుగు పల్లెల్లో ఆ రోజులు చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు, తలలు ఊపుతున్నారు. మేకలను సగం ధరకు అమ్ముకున్నవాళ్లున్నారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు కోసుకుని తిన్నవాళ్లున్నారు. బాకీ అడగడానికి వచ్చినవాడికి ‘పదకొండో తారీకు తర్వాత రా’ అన్నవాళ్లూ ఉన్నారు. (నవ్వులు) మా నాయనమ్మ పోలేరమ్మ జాతరకని ఒక పుంజును మేపుతోంది. దాని సంగతి తర్వాత చెబుతాను. జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో జనం పలచగా ఉన్న చోట్లా ముక్కలై పడింది. మర్నాడు మా ఊళ్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడ్డారు.

ఆ సిగ్గు మా ఊరిది కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అంతకు మూడేళ్ల ముందు ఇదే దేశంలో ఒక గొప్ప ప్రయోగం జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్‌-6ను అడిగి తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. సైట్ అని దాని పేరు. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలున్నాయి, తెలుగు కార్యక్రమాలున్నాయి. కోళ్ల దొడ్డికి కట్టే వల లాంటి తీగజాలితో పది అడుగుల యాంటెన్నా చేసి నిలబెట్టారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లలకు సైన్సు పాఠాలు, అన్నీ ఆకాశం నుంచి నేరుగా ఊరి రచ్చబండకు వచ్చాయి. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు, చాలా ఊళ్లలో తెర ఖాళీ అయింది. స్కైలాబ్ పుకారు వచ్చేసరికి పల్లెకు నిజం చెప్పే దారి లేదు, పుకారుకు మాత్రం దారులు చాలా ఉన్నాయి. ఆ తీగజాలి యాంటెన్నా మా ఊళ్లో ఉండి, ఆ వారం ఎవరైనా పది నిమిషాలు భూగోళం బొమ్మ పెట్టి తెలుగులో వివరించి ఉంటే మా నాయనమ్మ పుంజు బతికి ఉండేదేమో.

స్కైలాబ్ పడి నెల తిరిగీ తిరగకముందే, ఆగస్టు 10న, మన శ్రీహరికోట నుంచి మన సొంత రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి లేచింది. అదీ పడిపోయింది! అయిదు నిమిషాలు దాటిన కాసేపటికి బంగాళాఖాతంలో కలిసింది. దీని గురించి మీరు వందసార్లు విన్న కథ ఒకటుంది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం, ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. ఓడిన రోజు పత్రికల ముందు ధవన్ కూర్చుని బాధ్యత తీసుకున్నారు. 1980 జూలై 18న గెలిచిన రోజు కలాంను కూర్చోబెట్టారు. మంచి కథే, ఎన్నిసార్లు చెప్పుకున్నా తప్పు లేదు. కానీ ఆ కథ ఎంత బాగుందంటే, రాకెట్ ఎందుకు పడిందో అడగడం మనం మర్చిపోయాం. రెండో దశ, అంటే రాకెట్‌లో రెండో వంతుగా మండే భాగం, దాని దిశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం (వాల్వు) సరిగా మూసుకోలేదు. అందులోంచి నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. రెండో దశ మండేటప్పుడు దాన్ని దారిలో పెట్టడానికి ఆ వ్యవస్థ దగ్గర ఏమీ మిగల్లేదు.

ఇది గుర్తుంచుకుని 2025కు రండి. జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. జీఎస్‌ఎల్‌వీ ఎన్‌వీఎస్‌-02 అనే దిక్సూచి ఉపగ్రహాన్ని చక్కగా కక్ష్యలో వదిలింది. పత్రికల నిండా వంద అంకె. తర్వాత ఉపగ్రహం తన సొంత ఇంజిన్ మండించుకుని పైకి జరగాలి. ఇంజిన్‌కు ఇంధనం మండటానికి కావలసిన ఆక్సిడైజర్‌ను వదలాల్సిన కవాటాలు తెరుచుకోలేదు. ఉపగ్రహం ఆ కోలగుడ్డు కక్ష్యలోనే ఉండిపోయింది. 1979లో కవాటం మూసుకోలేదు, 2025లో తెరుచుకోలేదు. 46 ఏళ్లలో ఏమీ నేర్చుకోలేదని అనడానికి ఇది చెప్పడం లేదు. ఇంట్లో కుళాయి వాషరు మార్చిన ప్రతివాడికీ తెలుసు, మూయడం తెరవడం ఎంత చిన్న పనో అంత మొండి పని. రాకెట్ అంటే నిప్పు అనుకుంటాం. ఇంజినీరును అడగండి, రాకెట్ అంటే గొట్టాలు, కవాటాలు, బిగింపులు అంటాడు.

సరే, ఇప్పుడు అసలు పాఠం. ఉపగ్రహం పైన ఎందుకు నిలబడి ఉంది? ఎవరైనా చెప్పండి. (సభలోంచి: అక్కడ గురుత్వాకర్షణ ఉండదు సార్!) నేను ఎదురుచూసిన జవాబే ఇచ్చావు. ముప్పై ఏళ్లుగా ప్రతి తరగతిలో ఇదే వింటున్నాను. అయిదారు వందల కిలోమీటర్ల ఎత్తులో గురుత్వాకర్షణ ఇక్కడున్న దానిలో ఎనభై అయిదు శాతం దాకా ఉంటుంది. ఉపగ్రహం నిలబడి లేదమ్మా, పడుతోంది. పుట్టినప్పటి నుంచి పడుతూనే ఉంది.

చేతిలోంచి రాయి వదిలితే మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి, తిన్నగా 8 కిలోమీటర్లు పోతే నేల 5 మీటర్లు కిందికి వంగి ఉంటుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఒక రాయిని సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా విసిరితే? అది 5 మీటర్లు పడేసరికి నేలా 5 మీటర్లు వంగిపోయింది. పాపం, ఎంత పడినా నేల అందదు. అదే కక్ష్య. రాకెట్ పని ఎత్తుకు తీసుకెళ్లడం అనుకుంటారు, నిజానికి దాని శ్రమలో ఎక్కువ భాగం ఆ అడ్డం వేగం కోసమే. నిట్టనిలువుగా లేచిన రాకెట్ కాసేపటికే సముద్రం వైపు ఒరుగుతుంది, చూశారు కదా. మొదటిసారి చూసినవాళ్లు అయ్యో వంగిపోయిందే అని గాభరా పడతారు. వంగకపోతేనే గాభరా పడాలి.

శ్రీహరికోట ఎందుకన్నదీ ఇందులోనే ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. మన అక్షాంశం దగ్గర ఆ తిరుగుడు వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు విసిరే రాకెట్‌కు ఆ వేగం భూమి పెట్టే కట్నం. పైగా తూర్పున అంతా సముద్రం. కాలిపోయిన దశలు ఎవరి నెత్తినా పడవు. ఒక పక్క పులికాట్ సరస్సు, ఒక పక్క బంగాళాఖాతం, మధ్యలో యానాదులు బతికిన దీవి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. అంతకు ముందు, 1963 నవంబరు 21న, కేరళలో తుంబా నుంచి మొదలైంది. తుంబా ఎంచుకోవడానికి కారణం వేరు. భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరికి దగ్గరగా పోతుంది, దాని మీదుగా ఆకాశంలో నడిచే విద్యుత్ ప్రవాహాన్ని పరిశీలించాలంటే అదే సరైన చోటు. అక్కడి చర్చి, బిషప్ ఇల్లు శాస్త్రవేత్తలకు పని గదులయ్యాయి.

శ్రీహరికోటకు ఒక లోపమూ ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణానికి పంపాలి. తిన్నగా దక్షిణానికి పంపితే దారిలో శ్రీలంక ఉంది. అందుకని పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ముందు ఆగ్నేయంగా వెళ్లి, శ్రీలంకను దాటాక మలుపు తీసుకుంటుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, అంటే మోసే బరువులో కోత. తమిళనాడులో కులశేఖరపట్టినం దగ్గర 2024లో రెండో ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేసింది ఇందుకే. చిన్న రాకెట్లకు ఆ మలుపు మరీ భారం.

మధ్యలో ఒక మాట. ఈ హాలు గోడకు రెండు ఫోటోలు అంటించారు. ఒకటి తుంబాలో రాకెట్ ముక్కును సైకిల్ మీద తీసుకెళ్తున్నది. రెండోది ఎద్దుబండి మీద ఉపగ్రహం. కింద ‘పేదరికం నుంచి ప్రగతికి’ అని రాశారు. సైకిల్ సంగతి నిజమే, అప్పట్లో బండ్లు తక్కువ. ఎద్దుబండి మాత్రం వేరే కథ. 1981లో పంపిన యాపిల్ అనే ప్రసార ఉపగ్రహం అది. దాని యాంటెన్నాను ఆరుబయట పరీక్షించాలి. ఇనుప లారీ మీద పెడితే లారీ ఒళ్లు రేడియో తరంగాలను చెదరగొట్టి కొలతలను పాడుచేస్తుంది. చెక్కబండికి ఆ గొడవ లేదు. ఆ ఫోటోలో ఉన్నది పేదరికం కాదు, భౌతికశాస్త్రం. శీర్షిక మార్చమని ప్రిన్సిపాల్ గారికి మనవి. (చప్పట్లు)

ఇప్పుడు కిందికి వచ్చే అసలు సరుకు చూద్దాం. దాని బరువు సున్నా. సమాచారం.

1977 నవంబరు 19. దివిసీమ. ఇక్కడున్న పెద్దలకు ఆ తేదీ చెప్పనక్కరలేదు. ఉప్పెన ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. పోయిన ప్రాణాలు పది వేలకు తక్కువ లేవు, ఎక్కువని చెప్పేవాళ్లే ఎక్కువ. అప్పుడు మన దేశానికి తుపానును పైనుంచి చూసే సొంత కన్ను లేదు. 1983లో ఇన్సాట్-1బీతో ఆ చూపు వచ్చింది. 2013 జూలైలో ఇన్సాట్-3డీ వెళ్లింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున మన నెత్తి మీదే నిలిచి, అరగంటకు ఒక బొమ్మ పంపుతూ వచ్చింది. పగలూ రాత్రీ ఒకటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. ఊళ్లో చెట్టు నిలవలేదు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. కానీ మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఆ పదుల్లో ఉన్నవాళ్ల ఇంటికి అది చిన్న సంఖ్య కాదు, నాకు తెలుసు. దివిసీమ అంకె పక్కన పెట్టి చూడండి చాలు.

ఇదంతా ఉపగ్రహం ఘనతే అని నేను చెప్పను. ఎవరైనా చెబితే నమ్మకండి. తీరాన రాడార్లున్నాయి, తుపాను షెల్టర్లున్నాయి, అర్ధరాత్రి తలుపు తట్టి ముసలివాళ్లను భుజాన వేసుకుని బండెక్కించిన రెవెన్యూ సిబ్బంది, పోలీసులు ఉన్నారు. ఉపగ్రహం ఇచ్చింది వ్యవధి. తలుపు తట్టడానికి మూడు నాలుగు రోజుల ముందు కబురు.

మన తీరానికి ఇంకొకటి వస్తోంది. చేప కబురు. చేపను ఉపగ్రహం చూడలేదు. సముద్రం రంగును చూస్తుంది. నీటిలో కంటికి కనపడని నాచు ఎక్కువైతే రంగులో ఆకుపచ్చ ఛాయ వస్తుంది. నాచున్న చోటికి దాన్ని తినే చిన్న జీవాలు, వాటి వెనక చేప. చల్లటి నీళ్లూ వెచ్చటి నీళ్లూ కలిసే అంచుల దగ్గరా మేత చేరుతుంది. 1999లో వెళ్లిన మన ఓషన్‌శాట్‌తో ఈ రంగును చూడటం సొంతంగా మొదలైంది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్ర సంస్థ ఏమిటని నవ్వకండి. ఈ రంగునూ వెచ్చదనాన్నీ కలిపి చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరంలో, ఎంత లోతు నీళ్లలో చేప ఉండవచ్చో అక్కడే లెక్క కట్టి తెలుగులోనూ చెబుతుంది. రేవుల్లో బోర్డుల మీద వస్తుంది, ఫోన్లకు వస్తుంది. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి రంగు కనపడదు, ఆ రోజు కబురు ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి అప్పుడూ ఉండదు.

అదే మత్స్యకారుడికి శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్ నుంచి ఇంకో కబురు కూడా వస్తుంది, ఫలానా రోజు ప్రయోగం, సముద్రంలోకి వెళ్లవద్దని. రాకెట్ దశలు పడే దారిలో బోటు ఉండకూడదు, న్యాయమే. కానీ కూలి పోయేది ఆయనకు. వాతావరణం బాగాలేక ప్రయోగం వాయిదా పడితే ఇంకో రోజు. ప్రయోగాల సంఖ్య ఏటా పెంచుతామంటున్నారు. మంచిదే. గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టే మనకు టికెట్టు ఉచితం, ఆ ఒడ్డున వల ఆరేసుకుని కూర్చున్నవాడు తన రోజు కూలితో టికెట్టు కొన్నట్టే. ఆ లెక్క కూడా ఎవరో ఒకరు బయటికి చెప్పాలి కదా.

చంద్రుడి దగ్గరికి వద్దాం, లేకపోతే పిల్లలు నన్ను వదలరు. అక్కడా మన కథ పడటంతోనే మొదలైంది. చంద్రయాన్-1 నుంచి 2008 నవంబరు 14న ఒక పెట్టెను కావాలనే చంద్రుడి మీద పడేశారు. పెట్టె పక్కల మీద మన జెండా రంగులున్నాయి. సుమారు 25 నిమిషాలు కిందికి పోతూ బొమ్మలు తీసి, దారిలోని పలచటి వాయువులను కొలిచి, దక్షిణ ధ్రువం దగ్గర గుద్దుకుంది. మరుసటి ఏడాది అదే నౌకలోని అమెరికా పరికరం చంద్రుడి నేల మీద నీటి జాడ ఉందని చెప్పింది.

రెండోసారి, చంద్రయాన్-2తో, మెత్తగా దించుదామనుకున్నారు. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున మనమందరం మేల్కొనే ఉన్నాం. అక్కడ గాలి లేదు కాబట్టి గొడుగులు, అంటే పారాచూట్లు, పనిచేయవు. వేగం తగ్గించడానికి ఇంజిన్లే గతి. ఇంజిన్లు అనుకున్న దాని కంటే కాస్త ఎక్కువ బలంగా తోశాయి, తేడాలు పోగుపడ్డాయి, సరిదిద్దుకోవడానికి నౌక తిరగగలిగిన వేగం చాలలేదు. దిగాల్సిన చోటేమో 500 మీటర్ల చదరం మాత్రమే. పొలం చిన్నదై, కాడెద్దులు వేగంగా పోతుంటే గట్టు దాటిపోవూ? అలా అయింది. చంద్రయాన్-3లో ఏం మార్చారో చూడండి. అయిదు ఇంజిన్లు నాలుగయ్యాయి, కాళ్లు గట్టిపడ్డాయి, ఇంధనం పెరిగింది, నేల మీద వేగాన్ని లేజరుతో కొలిచే పరికరం చేరింది, దిగే చోటు 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెరిగింది. ‘ఏది చెడిపోవచ్చు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి కట్టారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరు దాటిన నాలుగు నిమిషాలకు దిగింది.

దిగాక ఏం చేసింది? జనానికి గుర్తున్నది దిగడమే. నాకు ఎక్కువ నచ్చింది ఒక గ్రాఫు. ల్యాండరు ఒక కడ్డీని చంద్రుడి మట్టిలోకి దించి ఉష్ణోగ్రతలు కొలిచింది. నాలుగు రోజులకు ఇస్రో ఆ గ్రాఫును బయటపెట్టింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి. 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు దిగువ 10. బెత్తెడు లోతులో రోహిణి కార్తె, హిమాలయం రెండూ ఉన్నాయి! చంద్రుడి మట్టి వేడిని లోపలికి పోనివ్వదు. మన ఇళ్లలో పూరిల్లు వేసవిలో చల్లగా ఎందుకుంటుందో చెప్పే పాఠానికి ఇంత కంటే మంచి బొమ్మ దొరకదు. ఆ వారం ఎన్ని బడుల్లో ఆ గ్రాఫును నల్లబల్ల మీద గీశారు? మా వీధి బడిలో ల్యాండరు బొమ్మకు హారతి ఇచ్చారు. (నవ్వులు) ఇచ్చుకోనివ్వండి, తప్పు లేదు. హారతి తర్వాత గ్రాఫు కూడా గీసి ఉంటే బాగుండేది.

జనానికి చెప్పడం ఇస్రో బాగా నేర్చుకుంది, అది ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం ఒక్క యూట్యూబ్‌లోనే ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. 2019 నుంచి శ్రీహరికోటలో ప్రయోగం చూడటానికి గ్యాలరీ తెరిచారు, పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా వెళ్లవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలకు యువిక అనే శిక్షణ ఉంది, ఇక్కడున్న ఉపాధ్యాయులు తేదీ చూసి దరఖాస్తు చేయించాలి. వెళ్లిన పిల్లలకు నాదొక చిన్న పని. మంట కనపడగానే సెకన్లు లెక్కపెట్టండి, చప్పుడు చేరేదాకా. కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు. మీరు ప్రయోగ వేదికకు ఎంత దూరంలో ఉన్నారో ఎవరినీ అడగకుండా తెలుస్తుంది. ఫోనులో వీడియో తీస్తూ కూర్చుంటే ఈ లెక్క రాదు.

చెప్పడంలో ఒక చోట మాత్రం నాకు అసంతృప్తి ఉంది. గెలిచినప్పుడు వచ్చే మాటల వరద, ఓడినప్పుడు రెండు వాక్యాల ప్రకటనకు కుంగిపోతుంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సి61 మూడో దశలో విఫలమైంది. విచారణ సంఘం కూర్చుంటుంది, లోపల అన్నీ తరచి చూస్తారు, అందులో నాకు అనుమానం లేదు. ఆ నివేదికలు, దేశభద్రతకు ఇబ్బందైన పేజీలు తీసేసైనా, ప్రజల ముందుకు రావాలి. ఇంజినీరింగ్ చదివే పిల్లవాడికి వంద విజయ గాథల కంటే అలాంటి ఒక్క నివేదిక ఎక్కువ నేర్పుతుంది. కవాటం కథ చెప్పాను కదా ఇందాక, ఎంత శ్రద్ధగా విన్నారో నేను చూశాను.

దీనికి మంచి నమూనా హైదరాబాదులోనే ఉంది. ఈసీఐఎల్ దగ్గర టాటా పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి పెద్ద పెద్ద బెలూన్లను పైకి వదులుతారు. పని అయ్యాక పరికరాలు గొడుగుకు వేలాడుతూ ఎక్కడో తెలంగాణ పల్లెలోనో, పక్క రాష్ట్రపు చేనులోనో దిగుతాయి. ఆ వదిలే కాలానికి ముందే పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఇలాంటివి పడవచ్చు, భయం లేదు, ముట్టుకోవద్దు, ఈ నంబరుకో దగ్గరి పోలీసులకో చెప్పండి, చెప్పినవారికి పారితోషికం ఇస్తాం అని. చూశారా, ఆకాశం నుంచి పడేదాన్ని జనానికి ఎలా పరిచయం చేయాలో. 1979లో మాకు కావలసింది ఈ నాలుగు వాక్యాలే.

పడేయడంలో కూడా మర్యాద వచ్చింది ఇప్పుడు. 2011లో పంపిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం పని ముగిసింది. వదిలేస్తే ఏళ్ల తరబడి చెత్తగా తిరిగేది. దానిలో మిగిలిన సుమారు 120 కిలోల ఇంధనాన్ని కొద్దికొద్దిగా వాడి కక్ష్యను దించి, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రంలో ఎవరూ లేని చోటు ముందే చెప్పి, అక్కడే వాతావరణంలోకి పంపారు. అది మొదట అలా దించడానికి కట్టిన ఉపగ్రహం కాదు. వెయ్యి కిలోల వస్తువు, కనుక స్కైలాబ్‌తో పోలిక లేదు. చోటు ముందే చెప్పి దించడం మాత్రం నాకు చాలు.

చివరికి మనిషి దిగాలి. 2007 జనవరిలో గుళిక అనే ఒక చిన్న మూసిన పెట్టెలాంటి నౌకను పన్నెండు రోజులు కక్ష్యలో తిప్పి, శ్రీహరికోటకు తూర్పున సముద్రంలో దించి తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఇది నేర్చుకుంటున్న విద్య. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం చేసిన పరీక్షను ఇక్కడ చాలామంది మిద్దెలెక్కి చూశారు. మొదటి ప్రయత్నంలో 5 సెకన్లు మిగిలి ఉండగా కంప్యూటరే ఆపేసింది. కారణం కనిపెట్టి, సరిచేసి, పది గంటలకు వదిలారు. గుళిక గొడుగుల సాయంతో తీరానికి పది కిలోమీటర్ల దూరంలో దిగింది, నీళ్లలో తలకిందులైంది. అందులో మనిషి లేడు, అందుకే దాన్ని పరీక్ష అన్నారు. రాకేశ్ శర్మ 1984లో సోవియట్ నౌకలో, శుభాంశు శుక్లా 2025లో అమెరికా నౌకలో వెళ్లివచ్చారు. మన నౌకలో వెళ్లేవాళ్లకు పది గొడుగులు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి, సరైన క్షణానికి విచ్చుకోవాలి. పైకి పంపే అంకెలు అందరూ చెబుతారు. మీరు ఆ గొడుగుల గురించి చదవండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. అదిగో, మూడో వరసలో ఆ అమ్మాయి. లేచి అడుగు తల్లీ.

(సభలోంచి: సార్, మీ నాయనమ్మ పుంజు ఏమైంది?)

హహ, నేను మర్చిపోయాననుకున్నావు కదూ! జూలై పదో తేదీ రాత్రి పులుసైంది. ఊరంతా కలిసి చావబోతున్నాం కదా అని పక్కింటి వాళ్లను కూడా పిలిచి పెట్టింది. మా నాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు. జాతరకు మళ్లీ పుంజు కొనడానికి డబ్బు కావాలి, అందుకని మా నాయనమ్మ ఆ పక్కింటి వాళ్ల దగ్గరే పది రూపాయలు అప్పు తీసుకుంది. వాళ్లు, మా పులుసు తిన్నవాళ్లే, ఆ పది రూపాయలకు వడ్డీ కూడా వసూలు చేశారు.